ఆ రోజు ఉన్నట్టే ఉంచిన ఇల్లు

ఎండలు ఇంకా ముదరకముందే మా బాబాయి పాటలు పాడే సంఘం వాళ్ళు మా పిన్ని ఇంటికి వచ్చారు. వచ్చింది నలుగురైనా మాట్లాడింది మాత్రం బాబాయి శిష్యుడు లెక్చరరుగారొక్కరే. వరండా అరుగు మీద కూర్చుని, చేతులు రెండూ జోడించి, "అమ్మా, ఇది గురువుగారు పాటలు రాసిన ఇల్లు. ఇక మీ ఒక్కరిదే కాదు, జనానిది. దీన్ని స్మారకంగా నిలబెట్టాలని సంఘం అనుకుంది," అన్నారు.

పిన్ని గుమ్మానికి ఆనుకుని నిలబడి వింటోంది. వెనక సముద్రం హోరు.

"మరి నేనో?" అంది.

"అదేం మాటమ్మా! మీరున్నంతకాలం ఇల్లు మీదే. మేం కాపలావాళ్ళం, అంతే. కప్పు మారుస్తాం, గోడలు బాగుచేయిస్తాం. పొద్దున పూట నలుగురూ వచ్చి ముందు గది చూసి పోతారు. మీ వంట మీది, మీ పడక మీది."

పిన్ని పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది. బాబాయి పోయిన నాటినుంచీ ఆ ఇంటిని ఆవిడ ఒంటిచేత్తో సముద్రం నోట్లోంచి లాక్కుంటూ వస్తోంది. ఉప్పుగాలికి మేకులు తుప్పు పట్టేవి. గట్టి వాన కురిసిందంటే పెంకులు జారేవి. కుర్చీ మీద కుర్చీ వేసుకుని ఎక్కి తనే సర్దేది. ఇన్నాళ్ళకు ఇంకొకరు వచ్చి ఆ బరువు మేం మోస్తామంటే ఎవరి గుండె కరగదు? నా గుండే కరిగింది. ఆ సాయంత్రం దీపం పెట్టి, వాళ్ళందరి పేరునా దణ్ణం పెట్టుకున్నాను కూడా.

బాబాయి రేవులో మూటలు మోసేవాళ్ళ కోసం పాటలు రాశాడు. ఇప్పటికీ ఎక్కడ సమ్మె జరిగినా అవే పాడతారు. బడిపుస్తకంలోకి కూడా ఒకటెక్కింది. పాట రాసి పైసా పుచ్చుకోవడం ఆయనకు గిట్టదు. కాబట్టి ఇంట్లో పొయ్యి వెలిగింది పిన్ని కుట్టుమిషను మీదే. ముందు గదిలో సముద్రం వైపు కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని మిషను అక్కడ వేసుకుని జాకెట్లు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. పిన్నికి పిల్లల్లేరు. ఆ మిషను చప్పుడు వింటూ ఆ ఇంట్లోనే పెరిగి, పెళ్ళయ్యాక బజారుకు అవతల కాపురం పెట్టాను. పొద్దున పూజ చేసుకుని, మా ఆయనకు అన్నం డబ్బా కట్టిచ్చి, ఓసారి వెళ్ళి పిన్నిని చూసి రావడం నా అలవాటు. అందువల్ల ఆ ఎండాకాలం జరిగిందంతా నా కళ్ళముందే జరిగింది.

సంఘం తరఫున మ్యూజియం పని తెలిసిన ఒకాయన వచ్చాడు. ఆయన చొక్కాజేబులో ఎప్పుడూ కొలత టేపు ఉండేది. పిన్ని టేపాయన అని పేరు పెట్టింది. మనిషి మంచివాడే, ఆ మాట దాచకూడదు. చెప్పులు బయట విడిచి, కాళ్ళు దులుపుకుని లోపలికి వచ్చేవాడు.

"గురువుగారు పోయిన రోజు ఈ ఇల్లు ఎలా ఉందో అలాగే ఉంచాలండీ. ఇలాంటి ఇళ్ళకి అదే పద్ధతి. ఊహించి చెప్పకండి. గుర్తున్నదే చెప్పండి," అన్నాడు.

"ఊహించడమేంటి బాబూ, కళ్ళు మూసుకుంటే కనబడుతుంటే!" అంది పిన్ని.

అలా మొదలైంది. ఆయన అడగడం, ఈవిడ చెప్పడం. పాటలు రాసుకునే కుర్చీ కిటికీ వైపు కాదు, గోడ వైపు తిరిగి ఉండేది; సముద్రం కనబడితే బాబాయికి పాట కదిలేది కాదు. ఆ కుర్చీకి ఒక కోడు కురచ, కింద చెక్కముక్క పెట్టేవాళ్ళం. కళ్ళద్దాలు పుస్తకాల మీద కాదు, మంచినీళ్ళ గ్లాసు మూత మీద. టేపాయన ప్రతిదీ ఆవిడ చెప్పినట్టే పెట్టేవాడు. చెక్కముక్క కూడా వెతికి తెచ్చి కోడు కింద దోపాడు. పిన్ని మొహం వెలిగిపోయింది.

"చూశావటే! ఇన్నేళ్ళలో పాట గురించి అడిగినవాళ్ళే కానీ, ఇంటి గురించి నన్నొక్కరు అడిగారా?" అంది నాతో.

నిజమే, ఎవరూ అడగలేదు. అందుకే ఆ ప్రశ్నలు ఎటు పోతున్నాయో మేమిద్దరం గమనించలేదు.

"ఈ ఫ్రిజ్?"

"అది మొన్నమొన్నటిది బాబూ."

"ఆ ఫ్యాను?"

"ఆయనున్నప్పుడు విసనకర్రే."

"ఈ మంచం?"

"నడుం పట్టేస్తోందని మా అమ్మాయి కొనిపెట్టింది. అప్పట్లో మంచం ఆయనదొక్కటే. నేను కింద పడుకునేదాన్ని."

అడిగిందానికల్లా నిజమే చెప్పింది. చెప్పిందల్లా బండెక్కి మా ఇంటికొచ్చింది. ముందు ఫ్రిజ్ వచ్చింది, ఆ తరవాత మంచం, ఆపైన గ్యాసు పొయ్యి. మా ఆయన కరెంటు పని చేస్తాడు. ఆ ఇంటి వైరింగు, ప్రారంభోత్సవం నాటి దీపాలు, మైకు అన్నీ సంఘం ఆయనకే అప్పగించింది. దాంతో మొదట్లో ఆయన హుషారుగానే ఉన్నాడు. "ఇల్లంతా సామాను! మనది కూడా మ్యూజియమేనా ఏంటి? అయితే మనం పెళ్ళయిన కొత్తలో ఉన్నట్టు ఉంచుదామే, అప్పుడు నువ్వు నా మాట వినేదానివి," అని నవ్వించాడు.

నేనూ నవ్వాను. మర్నాడు వెళ్ళేసరికి పిన్ని వంటింట్లో చాప మీద పడుకుని, చెమటలు కారుతూ, విసనకర్రతో విసురుకుంటోంది.

"ఇదేం ఖర్మ పిన్నీ?"

"అప్పుడూ ఇలాగే పడుకునేదాన్ని కదే."

"అప్పుడు నీకు నడుముండేది!"

ఇద్దరం నవ్వాం. విసనకర్ర అందుకుని నేనే విసరసాగాను.

ఆ వారంలోనే ఇంకోటి జరిగింది. ముందు గది గోడలో చిన్న గూడుంది. అందులో పిన్ని దేవుడి పటం, చిన్న దీపం పెట్టుకుంది. టేపాయన దాని ముందు నిలబడి కాస్త మొహమాటపడ్డాడు.

"ఇది అప్పుడు ఉండేదాండీ?"

పిన్ని గూటి వైపు చూసింది. నేను తననే చూస్తున్నాను. ఉందని అంటుందేమోనని, అంటే బాగుండునని.

"లేదు బాబూ. ఆ గూట్లో ఆయన సిగరెట్టు పెట్టెలుండేవి. ఆయనకి దేవుడంటే పడేది కాదు. ఆయన పోయాక నేనే పెట్టుకున్నా."

"అయితే..." అని నసిగాడు టేపాయన.

"దేవుణ్ణి తీసి సిగరెట్టు పెట్టెలు పెడతారా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆ రోజు ఉన్నట్టు పెట్టాలి కదక్కా. ఏమనుకోకండి."

పటాన్ని చీరచెంగులో చుట్టుకుని ఇంటికి బయలుదేరాను. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. నిజం చెప్పినవాళ్ళ పక్కన దేవుడుంటాడని మాత్రం చిన్నప్పుడు ఎవరో చెబితే, అది పట్టుకుని బతుకుతున్నదాన్ని. దారి పొడుగునా ఆయన్నే అడిగాను. 'స్వామీ, మా పిన్ని నిజం చెప్పింది. చెప్పినందుకు నువ్వే బయటికొచ్చావు. రేపు ఆవిడ వంతు వస్తే ఎవరిని అడగాలి?' పటంలో ఆయన ఎప్పటిలాగే చిరునవ్వుతో ఉన్నాడు. ఆ చిరునవ్వు మీద మొదటిసారి నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి లెంపలేసుకున్నాననుకోండి.

చివరికి మిగిలింది కుట్టుమిషను.

ఆ రోజు లెక్చరరుగారు కూడా వచ్చారు. టేపాయన అప్పటికే కిటికీ దగ్గర నేల మీద సుద్దతో గుర్తులు గీసి పెట్టాడు. మిషను కాళ్ళు ఏళ్ళ తరబడి ఆని అక్కడ గచ్చులో గుంటలు పడ్డాయి. "ఇది అడగక్కర్లేదండీ, నేలే చెబుతోంది. మిషను ఇక్కడే," అన్నాడు సంతోషంగా. నేను కూడా ఊపిరి పీల్చుకున్నాను. మిషను ఉందంటే దాని ముందు కూర్చునే మనిషికి కూడా ఆ ఇంట్లో కాస్త చోటున్నట్టే.

పిన్ని ఆ గుంటల వైపు చూస్తూ ఉండిపోయింది.

"రోజూ ఇక్కడే ఉండేది," అంది. "ఆ రోజు మాత్రం లేదు."

"లేదా?"

"జ్వరంలో ఆయనకి చప్పుడు పడలేదు బాబూ. తల పగిలిపోతోంది, ఆ మిషను ఆపు అన్నాడు. నాకేమో బళ్ళు తెరిచే రోజులు. యూనిఫారాలు ఇచ్చి తీరాలి, ఇస్తేనే ఆయనకి మందులు. అందుకని మిషను బండి మీద వేయించుకుని మా అమ్మాయి ఇంటికి పోయి కుట్టుకుంటున్నా. అక్కడుండగానే కబురొచ్చింది."

"అంటే ఆ రోజు మీరు కూడా..."

"నేనూ లేను."

టేపాయన లెక్చరరుగారి వైపు చూశాడు. ఆయన మెల్లగా తల ఊపి, "నిజమే. ఆ మధ్యాహ్నం గురువుగారి పక్కనున్నది నేనే," అన్నారు.

టేపాయన వంగి, సుద్ద గుర్తుల్ని అరచేత్తో తుడిచేశాడు.

వంటింట్లోకి లాక్కెళ్ళి పిన్నిని కసిరాను. "నాకు తెలిసీ నేను నోరు మూసుకున్నాను కదా, ఉందంటే నీ సొమ్మేం పోయేది? ఎవరు చూడొచ్చారు?"

"లేనిదాన్ని ఉన్నానని ఎట్లా చెప్పనే?" అంది. "ఆ మధ్యాహ్నం నేను ఆయన దగ్గర లేనన్నది నాకు ఏ పూటా మరపు రాలేదు. ఈయన అడిగాడని ఇవాళ పక్కనే కూర్చున్నానని చెప్పుకోనా? అట్లా చెబితే ఆయన మొహం నేను మళ్ళీ తలుచుకోగలనా?"

ఆ మిషను ఆ రోజు ఆ ఇంట్లో ఎందుకు లేదో పిన్ని చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. లేదన్న సంగతొక్కటే వాళ్ళకి కావలసింది.

ఆ తరవాత అంతా చాలా మర్యాదగా జరిగింది. రంగులు వేస్తున్నాం, వాసన పడదు, ప్రారంభోత్సవం దాకా మీ అమ్మాయి ఇంట్లో ఉంటే మంచిదన్నారు. పిన్ని రెండు చీరలు సంచీలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. వీధి గుమ్మంలో కూర్చుని ఎప్పుడూ సముద్రం ఉన్న వైపే చెవి పెట్టేది. "మీ వీధిలో ఏమీ వినబడదేమే, నిద్రెలా పడుతుంది మీకు?" అనేది. బజారంతా మా గుమ్మం ముందే ఉంటుంది. హారన్లు, కేకలు, మిక్సీలు బాగుచేసే కొట్టు. ఆవిడకి అవేవీ చప్పుళ్ళుగా లెక్కలోకి రాలేదు.

నాకు అనుమానం పట్టుకుంది. ఒక పూట లెక్చరరుగారి ఇంటికి వెళ్ళాను. ఆయన ఎదురొచ్చి కూర్చోబెట్టారు.

"పిన్ని ఎప్పుడు వెళ్ళిపోవచ్చండీ?"

"ఎక్కడికమ్మా?"

ఆ మాటతోనే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా కూర్చునే ఉన్నాను. "ఇంటికండీ."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చూడండమ్మా. అక్కడ ఒక మనిషి వండుకుంటూ, బట్టలారేసుకుంటూ తిరుగుతుంటే ఆ రోజు వాతావరణం రాదు. వచ్చినవాళ్ళు గురువుగారిని చూడరు, ఆవిణ్ణి చూస్తారు. మీ బాబాయి ఒక కుటుంబం మనిషి కాదు, జనం మనిషి."

"ఆ జనంలో మా పిన్ని లేదాండీ?"

"అయ్యో, ఎందుకు లేరు? ఆవిడ చేతి అన్నం తిన్నవాణ్ణి నేను. సంచికలో ఆవిడ ప్రస్తావన కూడా పెట్టాం, చూడండి." ప్రారంభోత్సవానికి అచ్చు వేయించిన సంచిక తెచ్చి ఇచ్చారు. బాబాయి ఫొటో కింద ఉన్న వాక్యంలో పిన్ని ఉంది. "భార్యతో కలిసి ఈ ఇంట్లో నివసించారు."

"మీరున్నంతకాలం మీదే అన్నారు కదండీ?"

"అన్నాను. మనసారా అన్నాను. అప్పటికి వివరాలు తెలియవు కదమ్మా."

సంచిక అక్కడే పెట్టి లేచి వచ్చేశాను. గట్టిగా మాట్లాడటం నాకెవరూ నేర్పలేదు. ఇంటికొచ్చి ఆ కోపమంతా మా ఆయన మీద వెళ్ళబోసుకున్నాను.

"నోరు పారేసుకోకు," అన్నాడాయన. "పని సగంలో ఉంది. అయినా ఆవిడ మనింట్లో ఉంటే నష్టమేంటి? ఇదేమైనా అడవా?"

"అడవి కాదు. ఆవిడ ఇల్లూ కాదు."

ఆయన నా వైపు ఓసారి చూసి, వైరు చుట్ట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పిన్ని లోపలి గదిలో వింటూనే ఉందనుకుంటాను. బయటికి వచ్చి, "ప్రారంభం అయిపోతే వెళ్ళిపోతాలేవే, మీరు మీరు తిట్టుకోకండి," అంది.

ప్రారంభోత్సవం నాడు ఇసుకలో షామియానా వేశారు. రేవు నుంచి ముసలి కూలీలు వచ్చారు, బళ్ళ నుంచి పిల్లలు వచ్చారు. పెద్దలంతా వేదిక మీద కూర్చున్నారు. పిన్నికి ముందు వరసలో కుర్చీ వేశారు. పక్కన నేను. మా ఆయన మైకు పెట్టె దగ్గర నిలబడ్డాడు. ఇల్లు తెల్లగా, కొత్తగా మెరుస్తోంది. తలుపు పైన గోడకు రాతిపలక, గదిలో కట్టిన తాళ్ళు ఇక్కడికే కనబడుతున్నాయి.

లెక్చరరుగారు బాగా మాట్లాడారు. కూలివాడి చెమట గురించి మాట్లాడుతుంటే చప్పట్లు మోగిపోయాయి. ఆఖరున మా వైపు తిరిగారు. "ఈ తల్లి త్యాగం చెప్పకపోతే నా ప్రసంగం పూర్తి కాదు. ఈ ఇంటిని జనానికి అంకితం చేసి, తన శేషజీవితం బంధువుల దగ్గర గడపాలని ఆమే కోరుకున్నారు."

మళ్ళీ చప్పట్లు. పిన్ని నా చెవి దగ్గరకు వంగింది.

"ఎవరు కోరుకున్నారటే?"

"నువ్వేనట పిన్నీ."

"నేనా?" కాసేపు ఆలోచించింది, నిజంగా ఎప్పుడైనా అన్నానేమోనని వెతుక్కుంటున్నట్టు. తరవాత లేచి నిలబడింది. "నేనలా అనలేదు, నాయనా."

చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. "అనలేదు," అంది మళ్ళీ. ఆవిడ దణ్ణం పెడుతోందనుకుని లెక్చరరుగారు కూడా చేతులు జోడించారు.

అప్పుడు మా ఆయన మైకు పెట్టె వదిలేసి, చేతిలో ఇంకో మైకు పట్టుకుని, వైరు లాక్కుంటూ జనంలోంచి మా దగ్గరికి వచ్చాడు. పని పోతుందని నన్ను కసిరిన మనిషే! "చెప్పండత్తయ్యా, ఇందులో చెప్పండి. అందరూ వింటారు," అన్నాడు.

పిన్ని ఆ మైకు వైపు చూసింది. "ఇదెందుకయ్యా, మా ఇంటికి నేను పోవడానికి?"

చీరచెంగు నడుముకు దోపుకుని, షామియానా దాటి, ఇసుకలో అడుగులు వేసుకుంటూ గుమ్మం ఎక్కింది. నేను వెనకే పరుగెత్తాను. తలుపు దగ్గర బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రవాడు, "అమ్మా, వరసలో రావాలి," అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. బాబాయి మంచం చుట్టూ ఎర్రతాడు కట్టి ఉంది. బట్టలారేసిన తీగను పైకెత్తినట్టు దాన్ని ఎత్తి, కింద నుంచి దూరి, మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుంది. రోజూ మధ్యాహ్నం నడుం వాల్చే మనిషి వాల్చినట్టే.

"అది ఎక్కకూడదమ్మా!" బ్యాడ్జీవాడు హడలిపోయాడు.

అప్పటికే చూడొచ్చినవాళ్ళు గుమ్మం దాకా వచ్చేశారు. ముందు నిలబడ్డ ముసలి కూలీ లోపలికి తొంగి చూసి నన్నడిగాడు.

"ఎవరమ్మా ఆవిడ?"

"ఈ ఇంటావిడ."

ఆయన వెనక్కి తిరిగి, చేతులు బారచాపి జనాన్ని ఆపాడు. "పదండి, పదండి. ఆడమనిషి పడుకునుంటే ఇలా ఎగబడి చూస్తారా? బుద్ధుందా మనకి?" పిల్లల్ని కూడా తనే భుజాలు పట్టి తిప్పి పంపించాడు. కొందరు గొణిగారు. ఎక్కువమంది తలలు వంచుకుని మెట్లు దిగారు. బ్యాడ్జీవాడు వాళ్ళ వెనకే దిగి, పెద్దల కోసం పరుగెత్తాడు.

గది ఖాళీ అయ్యాక నేను తలుపులు దగ్గరగా వేసి గడియ పెట్టాను. ఆ గడియ ఆ రోజు మొదలు మా పిన్ని పోయేదాకా లోపలి వైపు నుంచే పడింది. అది ఎలా సాధ్యమైందో, ఎంత రభస జరిగిందో చెప్పాలంటే ఇంకో కథవుతుంది.

మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. తలుపు గడియ పెట్టేంత కోపం నాలో ఉందని నాకే తెలియదు. అది పాపమో కాదో దేవుణ్ణి అడగాలని కూడా అనిపించలేదు. పిన్ని ఊపిరి సన్నగా, సమంగా వస్తోంది. చాలా రోజుల తరవాత ఆవిడకి సముద్రం వినబడుతోంది.

తలుపు మీద దబదబా దెబ్బలు.

"తలుపు తియ్యండమ్మా! బయట పెద్దలు నిలబడి ఉన్నారు. ఏమిటీ పని?" లెక్చరరుగారి గొంతు.

లేచి తలుపు దగ్గరకు వెళ్ళాను. తియ్యలేదు.

"కాస్త మెల్లగానండీ," అన్నాను. "ఆవిడకి ఇప్పుడే కన్ను పట్టింది. సాయంత్రం రండి. వచ్చేముందు కబురు పెట్టండి."